ఫీజు కట్టే ముందు ఒక పూట ఆసుపత్రి గేటు దగ్గర నిలబడండి

(ఇంటర్ ఫలితాలు వచ్చాక తిరుపతిలో విద్యార్థులు, తల్లిదండ్రులతో ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్ మాట్లాడిన మాటలు. మాట్లాడినట్టుగానే రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు మైకు వినపడతా ఉందా? సరే.

ముందు ఒక ప్రశ్న. రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి "సార్, మీ పాప ఇంటర్ పాసయింది కదా, నర్సింగ్ సీటు రెడీగా ఉంది, రెండు మూడు సీట్లే మిగిలాయి" అని ఫోన్ రాని ఇల్లు ఏదైనా ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి లేవలేదు. ఆ "రెండు మూడు సీట్లు" ఇప్పుడూ అంతే ఉంటాయి, వచ్చే నెల చివర్లో అడిగినా అంతే ఉంటాయి. అందుకని తొందరపడి ఈరోజు అడ్వాన్స్ కట్టకండి. నేను ఏ కాలేజీ తరఫునా రాలేదు, ఏ కాలేజీ పేరూ చెప్పను, "మేడం, ఒక్క పేరు చెప్పండి చాలు" అని బయట పట్టుకున్నా చెప్పను. ఎట్లా చూసుకోవాలో మాత్రం చెప్తాను.

మొదట ఈ కోర్సుల పేర్లు. వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే సగం మోసం జరుగుతుంది. ఏఎన్ఎం, అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్ కోర్సు, రెండేళ్లు, అందులో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. ఆడపిల్లలకు మాత్రమే. ఊళ్లో సబ్ సెంటర్లో టీకాలు, గర్భిణుల రికార్డులు, ఇంటింటికీ తిరగడం, ఆ పని కోసం పెట్టిన కోర్సు అది. జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ, మూడేళ్లు. ఒకప్పుడు మూడున్నరేళ్లు ఉండేది, తగ్గించారు. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు కావాలంటే కనీసం ఇది ఉండాలి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ, దానికి బైపీసీ చదివి ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి చదివినవాళ్లకే నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ దొరుకుతుంది (ఇంటర్ ఒకేషనల్ వాళ్ల సంగతి విడిగా చెప్తాను), రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లనే ప్రభుత్వం ఉద్యోగానికి పిలుస్తుంది. మిగతా మాటలన్నీ దీని తర్వాతే.

ఇవి కాకుండా "నర్సింగ్ అసిస్టెంట్", "ఒక సంవత్సరం నర్సింగ్ డిప్లొమా", "హోమ్ నర్సింగ్" అని బోర్డులు కనిపిస్తాయి బస్టాండు చుట్టుపక్కల, పైన రెండో అంతస్తులో. వాటిలో కొన్ని నిజంగానే మంచి పని నేర్పిస్తాయి, నేను కాదనను. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని స్కిల్ ట్రైనింగ్ కోర్సు ఒకటి ఉంది, పేషెంటును పక్కకు తిప్పడం, స్పాంజ్ బాత్ ఇవ్వడం, బీపీ చూడటం నేర్పుతారు, ఇంటికి త్వరగా నాలుగు రూపాయలు కావాల్సినవాళ్లకు అది ఒక దారే. కానీ ఆ సర్టిఫికెట్‌తో నర్సు కాలేరు. ఎంత సర్వీసు చేసినా కాలేరు. నర్సింగ్ హోముల్లో తెల్ల డ్రెస్సు వేసుకుని ఇంజెక్షన్లు చేస్తూ, పదేళ్లు గడిచాక కూడా నోటిఫికేషన్ వస్తే అప్లై చేసుకోలేక ఏడ్చిన పిల్లలను చూశాను నేను. వాళ్లకు పని రాక కాదు, చాలామందికి నాకంటే బాగా నరం దొరుకుతుంది. కాగితం లేదు, అంతే.

ఇంటర్‌లో ఒకేషనల్ తీసుకుని ఎంపీహెచ్‌డబ్ల్యూ, అంటే మల్టీ పర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు చదివిన అమ్మాయిలు ఎవరైనా ఉన్నారా? ఆ, ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మీకు విడిగా చెప్పాలి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు ఏఎన్ఎం గ్రేడ్ త్రీ పోస్టులు తీసినప్పుడు మీ కోర్సును కూడా ఒప్పుకున్నారు, కానీ ఊరికే ఇంటర్ పాసయితే సరిపోలేదు. గుర్తించిన ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్ క్లినికల్ ట్రైనింగ్ చెయ్యాలి, కౌన్సిల్లో రిజిస్టర్ కావాలి. ఆ ఏడాది సంగతి మీ కాలేజీలో సరిగ్గా చెప్పి ఉండకపోవచ్చు. ఈరోజే పోయి అడగండి. అది పూర్తి చేసి ఏఎన్ఎంగా రిజిస్టర్ అయిన అమ్మాయి తర్వాత జీఎన్ఎంలో చేరొచ్చు, జీఎన్ఎం అయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. అంటే కింది మెట్టు మీద మొదలుపెట్టినా పైకి దారి ఉంది, టైము పడుతుంది, అంతే.

ఇప్పుడు గుర్తింపు. రెండు పేర్లు రాసుకోండి. ఢిల్లీలో ఉండే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఒకటి, 1947 చట్టం కింద ఏర్పడింది. మన రాష్ట్రానిది ఆంధ్రప్రదేశ్ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్లో రాష్ట్రాలవారీగా కాలేజీల లిస్టు ఉంటుంది, కోర్సువారీగా ఉంటుంది, సీట్లు కూడా ఉంటాయి. "కాలేజీ పేరు కనబడింది కదా" అని ఫోన్ మూసెయ్యకండి. మీరు చేరే కోర్సు ఎదురుగా ఉందా చూడండి. బీఎస్సీకి అనుమతి ఉండి జీఎన్ఎంకు లేనివి ఉంటాయి, పోయిన ఏడాది ఉండి ఈ ఏడాది లేనివీ ఉంటాయి. పేరు అక్షరం అక్షరం చూడండి, ఊరు పేరుతో సహా. ఒకే ట్రస్టు కింద మూడు కాలేజీలు ఉంటాయి, ఒకదాని అనుమతి కాగితం ఇంకోదాని ఆఫీసు గోడకు వేలాడుతూ ఉంటుంది. "గవర్నమెంట్ రిజిస్టర్డ్" అని బోర్డు మీద రాసుకుంటే అది సొసైటీ రిజిస్ట్రేషన్ కావచ్చు, సొసైటీని ఎవరైనా రిజిస్టర్ చేయించుకోవచ్చు, మా అపార్ట్‌మెంటు సంఘం కూడా గవర్నమెంట్ రిజిస్టర్డే. (నవ్వులు) ఐఎస్ఓ సర్టిఫికెట్ చూపిస్తే ఇంకా నవ్వుకోండి, అది నర్సింగ్ కోర్సుకు గుర్తింపు కాదు.

ఇంతవరకు కాగితాల సంగతి. దీన్ని గంటలో తేల్చుకోవచ్చు. అసలైనది ఇప్పుడు చెప్తాను, దీనికే నేను ఎక్కువ టైము తీసుకుంటాను, కరెంటు పోయినా చెప్తాను.

నర్సింగ్ కాలేజీ అంటే బిల్డింగ్ కాదమ్మా. తల్లిదండ్రులు వస్తారు, ల్యాబ్ చూస్తారు, బొమ్మ మనిషిని చూస్తారు, కంప్యూటర్లు, ఏసీ హాలు, గేటు దగ్గర రెండు పసుపు బస్సులు, అబ్బా భలే ఉంది అనుకుని ఫీజు కడతారు. మీ బిడ్డ నేర్చుకునేది ఆ బిల్డింగులో సగం కూడా కాదు. జీఎన్ఎం సిలబస్ గంటలు తీసి చూస్తే క్లాసు కంటే వార్డులో గడిపే గంటలే ఎక్కువ. కాబట్టి మీరు చూడాల్సింది ఆసుపత్రి. ఏ ఆసుపత్రి, ఎన్ని పడకలు, ఏ వార్డుల్లో పోస్టింగ్, ఎవరు పక్కన నిలబడి నేర్పిస్తారు. ఈ నాలుగింటికి జవాబు చెప్పలేని కాలేజీలో ఎంత తక్కువ ఫీజు అయినా ఎక్కువే.

నిబంధన ఏమిటంటే జీఎన్ఎం, బీఎస్సీ నడిపే కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి, ఒక్కో విద్యార్థికి ముగ్గురు పేషెంట్ల లెక్క పడాలి. సొంత ఆసుపత్రిలో లేని విభాగాలకు వేరే ఆసుపత్రులతో ఒప్పందం చేసుకుంటారు. మానసిక వైద్యం, ప్రసూతి, పిల్లల వార్డు లాంటివాటికి ఇట్లా బయటికి పంపుతారు. కాగితం మీద అన్ని కాలేజీలూ ఇది చూపిస్తాయి. మీరు ఏం చెయ్యాలంటే, ఆ సొంత ఆసుపత్రి పేరు అడిగి, చెప్పకుండా ఒక మధ్యాహ్నం అక్కడికి పోండి. చుట్టం ఎవరో అడ్మిట్ అయ్యారన్నట్టు లోపలికి నడవండి. పడకల మీద మనుషులు ఉన్నారా? లేకపోతే దుప్పట్లు మడిచి పెట్టి ఉన్నాయా? మనుషులు లేని పడక దగ్గర మీ పాప నేర్చుకునేది ఏముంటుంది, దుప్పటి పరచడం తప్ప.

ఇక మన ఊరి అదృష్టం, దురదృష్టం రెండూ ఒకటే. తిరుపతిలో రుయా ఉంది, పక్కనే మెటర్నిటీ ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఉంది, ఎముకలకు బర్డ్ ఉంది. ఇన్ని రకాల పేషెంట్లు ఒకే ఊళ్లో దొరకడం చాలా జిల్లాలకు లేదు. కడప వైపు నుంచి, నెల్లూరు వైపు నుంచి, సరిహద్దు దాటి తమిళనాడు నుంచి కూడా వస్తారు. నేర్చుకోవాలనే పిల్లకు ఇంతకంటే ఏం కావాలి. కానీ పెద్ద ఆసుపత్రి అనగానే కాలేజీలన్నీ అక్కడికే పంపాలని చూస్తాయి. ఒక పడక చుట్టూ పది మంది స్టూడెంట్లు నిలబడితే, ముందున్న ఇద్దరు చేతులతో చేస్తారు, మిగతా ఎనిమిది మంది ఆ ఇద్దరి వీపులు చూస్తారు. సాయంత్రం రికార్డులో మాత్రం పది మందీ చేసినట్టే రాస్తారు. ఈత పుస్తకం బట్టీపట్టి బావిలో దూకడం అంటే ఇదే.

ప్రసూతి కేస్ బుక్ సంగతి మరీ ఘోరం. ఇన్ని కాన్పులు స్వయంగా చెయ్యాలి, ఇన్ని చూడాలి అని లెక్క ఉంటుంది, ప్రతి కాన్పుకూ వివరాలు రాసి సంతకం చేయించుకోవాలి. కొన్ని చోట్ల సీనియర్ల బుక్కు చూసి కాపీ కొడతారు, మేడమ్‌లు సంతకం పెడతారు, పిల్ల పాసవుతుంది. తర్వాత ఒక రాత్రి పీహెచ్‌సీలో ఈ పిల్ల ఒక్కతే డ్యూటీలో ఉన్నప్పుడు బిడ్డ తల కనిపిస్తా ఉంటుంది, నూట ఎనిమిది ఇంకా రాలేదు. అప్పుడు కాపీ కొట్టిన బుక్కు ఏం చేస్తుంది చెప్పండి.

అందుకే నేను చెప్పేది ఒకటే పని. ఫీజు కట్టే ముందు ఒక రోజు ఉదయం ఏడు గంటలకల్లా ఆ కాలేజీ పిల్లలు వెళ్లే ఆసుపత్రి గేటు దగ్గర నిలబడండి. డ్యూటీకి వచ్చే స్టూడెంట్లు యూనిఫాంలో కనిపిస్తారు. ఫైనలియర్ పిల్లను పట్టుకోండి. అడ్మిషన్ రూములో కూర్చోబెట్టిన పిల్ల వద్దు, ఆమె ఏం చెప్పాలో ముందే చెప్పి ఉంటారు. టీ తాగిస్తామని పిలిచి అడగండి. క్యాన్యులా, అదే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం, నువ్వే పెడతావా, ఎన్నాళ్ల నుంచి? కాన్పు నీ చేత్తో చేశావా? మీ ట్యూటర్ మేడం వార్డుకు వస్తుందా, లేక అటెండెన్స్ తీసుకుని వెళ్లిపోతుందా? నైట్ డ్యూటీలో ఎట్లా వస్తారు, ఎవరు దింపుతారు? హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించారా? ఈ చివరిది మర్చిపోవద్దు. మొదటిది వేసుకున్నాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. పోస్టింగ్ మొదలయ్యే ముందే మొదలుపెట్టాలి. సూది గుచ్చుకోని నర్సు ఉండదు. పిల్లల టీకా గురించి పట్టించుకోని కాలేజీ ఇంకేం పట్టించుకుంటుంది? ఆ పిల్ల నవ్వుతూ, టకటకా, ఉదాహరణలతో చెప్తే మంచి కాలేజీ. నేల చూపులు చూస్తూ "బాగానే ఉంటుంది ఆంటీ" అందంటే మీకు అర్థం కావాలి.

డబ్బు విషయం. చెప్పే ఫీజు వేరు, కట్టే ఫీజు వేరు. అడ్మిషన్ ఫీజు, యూనిఫాం, బస్సు, రికార్డులు, పరీక్ష ఫీజు, హాస్టల్, ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు తలా ఇంత, ప్రాక్టికల్స్‌కు "ఎక్స్‌టర్నల్ మేడమ్‌కు" తలా ఇంత. ఈ చివరి రెండూ ఏ కాగితంలోనూ ఉండవు, కానీ సీనియర్లకు తెలుసు. మూడేళ్లకూ కలిపి మొత్తం ఎంత అని కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇమ్మనండి. ఇవ్వకపోతే లేచి వచ్చెయ్యండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది అని చెప్తే, కన్వీనర్ కోటానా మేనేజ్‌మెంట్ కోటానా, ఈ కోర్సుకు ఈ కాలేజీకి గతేడాది పిల్లలకు వచ్చిందా అని గతేడాది పిల్లలనే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు ఏమేం ఇచ్చారో రాయించుకుని రసీదు తీసుకోండి. కోర్సు మధ్యలో మానేస్తే మిగతా ఏళ్ల ఫీజు కూడా కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కూర్చునేవాళ్లున్నారు. టెన్త్ మెమో కోసం ఒక తండ్రి ఆవును అమ్ముకున్నాడు మా మండలంలో.

బ్యాంకు లోను గురించి ఒక చిన్న కిటుకు చెప్తాను. చదువు లోను నాలుగు లక్షల వరకు తనఖా లేకుండా ఇవ్వొచ్చు, తల్లో తండ్రో కలిసి సంతకం పెడితే చాలు. మీకు లోను అవసరం లేకపోయినా ఒకసారి బ్యాంకుకు పోయి ఈ కాలేజీకి, ఈ కోర్సుకు ఇస్తారా అని అడగండి. వాళ్లు కాలేజీ గుర్తింపు కాగితాలు అడుగుతారు, చూస్తారు. మేనేజర్ ముఖం చిట్లించాడంటే కారణం అడగండి. మీకోసం ఉచితంగా ఒకాయన తనిఖీ చేసినట్టు.

ఇక బెంగళూరు. మన చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు ఏజెంట్లు ఎక్కువ బెంగళూరు పేరే చెప్తారు. అక్కడ మంచి కాలేజీలు లేవని నేను అనడం లేదు, చాలా మంచివి ఉన్నాయి. కానీ "అటెండెన్స్ అవసరం లేదు, పరీక్షలకు వస్తే చాలు, అంతా మేం చూసుకుంటాం" అంటారే, ఆ మాట వినగానే ఫోన్ పెట్టెయ్యండి. డాక్టర్ చదువు అట్లా చదివానని ఎవరైనా చెప్తే ఆయన దగ్గర మందు వేయించుకుంటారా? నర్సు చేతిలో కూడా ప్రాణమే ఉంటుంది కదా. పైగా అక్కడ చదివితే ఆ రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అవుతుంది, ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగానికి మన కౌన్సిల్లో మళ్లీ చేయించుకోవాలి, అక్కడి నుంచి కాగితాలు తెచ్చుకోవాలి. ఏజెంటు అప్పటికి నంబర్ మార్చేసి ఉంటాడు.

వేలూరు సీఎంసీ పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్లూ ఉన్నారు. చిత్తూరువాళ్లకు వేలూరు పక్క వీధి లాంటిదే, ఆ ఆసుపత్రి మీద ఎంత గురి ఉందో అందరికీ తెలుసు. ఇడా స్కడర్ అమ్మ అక్కడ 1909లో నర్సింగ్ స్కూలు మొదలుపెట్టింది, 1946లో డిగ్రీ కోర్సు వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915 నాటిది. అంటే మన ప్రాంతానికి నర్సు పని నిన్న మొన్నటిది కాదు. సీఎంసీలో సీటు వాళ్లు పెట్టే పరీక్ష, ఎంపిక ద్వారా వస్తుంది. మధ్యలో మనిషి ఉండడు. ఉన్నాడంటే వాడు దొంగ.

సరే, ప్రశ్నలుంటే అడగండి. చెప్పండయ్యా.

"మేడం, మా పాప సీఈసీ చదివింది. చేర్చుకుంటారా?" జీఎన్ఎంకు ఏ గ్రూపు అయినా పర్వాలేదన్నా, ఇంగ్లీషు ఉండాలి, 40 శాతం మార్కులు ఉండాలి, వయసు 17 నిండాలి. బీఎస్సీకి మాత్రం కుదరదు. కానీ పాపకు ఒకటి చెప్పండి, అనాటమీ ఫిజియాలజీ మొదటి ఏడాదే వస్తాయి, అంతా ఇంగ్లీషులో. మొదటి ఆరు నెలలు తల తిరుగుతుంది. తెలుగు మీడియం పిల్లలకు తెలుగులో అర్థం చెప్పి, ఇంగ్లీషులో రాయించే టీచర్లు ఉన్నారా అని అడిగి చేర్చండి. బైపీసీ పిల్లలతో పోల్చుకుని భయపడొద్దు, రెండో ఏడాదికి సమానమైపోతారు.

"జీఎన్ఎం చదివితే ఊళ్లో హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టు వస్తుందన్నారు." ఎవరన్నారు? ఏజెంటేనా? దానికి బీఎస్సీ నర్సింగ్ అడుగుతారమ్మా. జీఎన్ఎంతో స్టాఫ్ నర్సు పోస్టులకు అప్లై చెయ్యొచ్చు, ఎయిమ్స్ వాళ్లు నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్షకు కూడా జీఎన్ఎం తర్వాత 50 పడకలకు తగ్గని ఆసుపత్రిలో రెండేళ్లు అనుభవం ఉంటే రాయొచ్చు. అందుకే మొదటి ఉద్యోగం ఎక్కడ చేస్తారన్నది కూడా ఆలోచించుకోవాలి, ఇంటి పక్కన ఉందని పది పడకల నర్సింగ్ హోంలో చేరి రెండేళ్లు పోగొట్టుకోవద్దు.

"వంద శాతం ప్లేస్‌మెంట్ అంటున్నారు మేడం." ఎక్కడ, ఎంత జీతం, ఎవరికి వచ్చింది? ముగ్గురి నంబర్లు ఇమ్మనండి. వాళ్ల సొంత ఆసుపత్రిలోనే తక్కువ జీతానికి పెట్టుకుని దాన్ని ప్లేస్‌మెంట్ అంటే, అది ఫీజు తీసుకుని పని చేయించుకోవడమే. జర్మనీ పంపిస్తాం అనేవాళ్లు కూడా తయారయ్యారు. జర్మనీలో నర్సు కావాలంటే ముందు వాళ్ల భాష గట్టిగా నేర్చుకోవాలి, పరీక్షలు పాస్ కావాలి. అది నేర్పించే టీచర్ కాలేజీలో ఉన్నారా చూపించమనండి.

ఆ మూలన బాబు, నువ్వేదో అడగాలనుకుంటున్నావు. మగపిల్లలా? ఏఎన్ఎంకు లేదు నాయనా. జీఎన్ఎం, బీఎస్సీ మగపిల్లలూ చదువుతారు, నోటిఫికేషన్లో సీట్ల వివరం చూసుకో. ఐసీయూల్లో, డయాలిసిస్‌లో మగ నర్సులు బోలెడు మంది ఉన్నారు. ఫ్రెండ్స్ నవ్వుతారని అడగడానికి మొహమాటపడ్డావు కదా, నవ్వనీ.

ఇంకొక అమ్మ అడిగింది చీటీ మీద, నైట్ డ్యూటీలు ఉంటాయి కదా, పెళ్లికి ఇబ్బంది కాదా అని. అమ్మా, నైట్ డ్యూటీ ఉంటుంది, తప్పదు, ట్రైనింగులో కూడా ఉంటుంది. అది ఇష్టం లేకపోతే ఈ చదువే వద్దు, మధ్యలో మాన్పించేకంటే ఇప్పుడే వేరేది చూసుకోండి. పాపను కూడా అడగండి ఒకసారి, ఇక్కడికి వచ్చిన పిల్లల్లో ఎంతమంది వాళ్ల ఇష్టంతో వచ్చారో నాకు ముఖాలు చూస్తేనే అనుమానంగా ఉంది. రక్తం చూస్తే కళ్లు తిరగడం గురించి భయపడొద్దు, అది చాలామందికి మొదటి వారంలో ఉంటుంది, పోతుంది. పేషెంటు వాంతి చేసుకుంటే విసుక్కోకుండా తుడవగలనా అని ఆలోచించుకోమనండి.

టైము అయిపోయిందంటున్నారు. వెబ్‌సైట్లో కాలేజీ పేరు వెతకడం రానివాళ్లు ఇక్కడే కూర్చోండి, ఫోన్లు తీయండి, మీకు ఫోన్ చేసిన కాలేజీ పేర్లు చెప్పండి, ఒక్కొక్కటే చూద్దాం. ముందు వరసలో చార్జింగ్ ఉన్నవాళ్లు ఎవరు?